ఒక లెన్సు, ఒక లైటు

సోమవారం పొద్దున బాలమ్మ తన కూతురి నిశ్చితార్థం ఆల్బమ్‌ను మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పింది. మళ్ళీ చివరి నుంచి మొదటికి తిప్పింది. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, చీర కొంగుతో అట్ట తుడిచి, ఎంతో మర్యాదగా అడిగింది.

"అంతా మంచిగనే ఉన్నది గని సారూ, మా పిల్ల ఏది?"

స్టూడియో యజమాని జనార్దన్‌కు నవ్వొచ్చింది. సూర్యాపేటలో ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్న మనిషి. ఆల్బమ్ చూసి ఏడ్చినవాళ్ళను చూశాడు, బావగారి ఫొటో చిన్నగా వచ్చిందని కొట్లాటకు దిగినవాళ్ళను చూశాడు. పెళ్ళికూతురే కనబడటం లేదన్నవాళ్ళను చూడటం మాత్రం ఇదే మొదలు.

"గీమెనే కదమ్మా. పట్టుచీర, పూలజడ. మంచిగ సూడు."

"చీర మాదే. జడ మేమేసిందే. మెడ గూడ మా పిల్లదే. మెడ మీద మొకమే ఎవలిదో ఎరుకైతలేదు."

పక్కనే నిలబడ్డ సౌమ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది. కోదాడలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు, మంచంలో ఉన్నవాళ్ళను కూడా లేపి నవ్వించే రకం. అయితే తల్లి భుజం మీదుగా ఆల్బమ్‌లోకి తొంగిచూసేసరికి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఫొటోలో ఆమె చెంపకు చెయ్యి ఆనించుకొని కూర్చుంది. చెయ్యి నలుపు, చెంప పాలపొడి తెలుపు. ఒకరి చెంపకు ఇంకొకరు చెయ్యి ఆనించినట్టుంది.

చెక్క అడ్డం వెనక కంప్యూటరు ముందు కూర్చున్న జ్యోత్స్న తల ఇంకాస్త వంచింది. ఆ చెంప ఆమె చేసిందే. ఆరేళ్ళుగా ఈ స్టూడియోలో ఆమె పని అదే. ఎవరో తీసుకొచ్చిన ఫొటోలను తెరమీద పరిచి, నుదుటి మీద ఫ్లాష్ మెరుపు తీసేసి, చెవి వెనక నల్లటి నీడ తుడిచేసి, మొహాలకు సున్నం కొట్టడం. చెయ్యి వంతు వచ్చేసరికి శుక్రవారం సాయంత్రం ఆల్బమ్‌ను ప్రింటుకు పంపే బస్సు టైమైంది. చెయ్యి తప్పించుకుంది.

"నలుపు మీద లైటు పట్టదమ్మా," అన్నాడు జనార్దన్. "ఎంత లైటు పెట్టినా చీకటి కొడ్తది. అందుకే మేమే జర తెల్లగ చేసి ఇస్తం. అందరు ఖుషీ అయితరు."

కోపంగా అనలేదు, ఎగతాళిగానూ అనలేదు. కోదాడ బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా అన్నాడు. అందుకే అది జ్యోత్స్నకు తగలవలసిన చోట తగిలింది. మౌసు మీదున్న తన చేతిని చూసుకుంది. అది కూడా సౌమ్య చెయ్యి రంగే.

"పట్టుతది సార్."

అన్నది తానేనని ఆమెకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. ముగ్గురూ అడ్డం వైపు తిరిగారు.

"ఏం పట్టుతది?"

"లైటు, సార్. పెట్టాల్సిన తీరుగ పెడితే పట్టుతది."

బాలమ్మ అడ్డం పక్కకు వచ్చి, జ్యోత్స్నను కింది నుంచి పైదాకా చూసింది. నడిగూడెంలో పత్తి ఏరడానికి కూలీలను కుదుర్చుకునే మనిషి ఆమె. ఎవరు పని చేస్తారో, ఎవరు మాటలు చెప్తారో ఆమెకు ఒక చూపు చాలు.

"అయితే బేస్తారం పెండ్లి నువ్వే తియ్యి బిడ్డా. కోదాడ చర్చిల. నా పిల్ల నాకు కనబడాలె. గంతే."

జనార్దన్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. గురువారం ఆయన సరంజామా అంతా మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు వాళ్ళ పెళ్ళికి పోతోంది. కోదాడ పెళ్ళికి ఎవరినో కిరాయికి పంపాలనే అనుకున్నాడు.

"సరే. పాత కెమెరా తీస్కపో. లెన్సులు, లైట్లు మాత్రం నా దగ్గర ఒక్కటి మిగలవు, నువ్వే సూస్కోవాలె. కని ఒక్కటి ఇను జ్యోత్స్నా. పెండ్లి మల్ల మల్ల రాదు. ఖరాబ్ చేసినవంటే ఇగ కెమెరా మాట ఎత్తద్దు. కంప్యూటర్ ముందల్నే కూసోవాలె, జిందగీ అంత."

"సరే సార్," అంది జ్యోత్స్న.

*

మంగళవారం మిర్యాలగూడలో బస్సు దిగేసరికి ఊరంతా ఉడికిన వడ్ల వాసన. ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో పాత లెన్సులు అమ్ముతానని పెట్టిన ఏసుబాబు ఇల్లు రెండు మిల్లుల మధ్య సందులో ఉంది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు పెళ్ళిళ్ళలో నిలబడలేమని మొరాయించాక స్టూడియో మూసేశాడు. జ్యోత్స్నను చూసి ఆమె వెనక ఎవరైనా వస్తున్నారేమో అని వీధిలోకి చూశాడు.

"ఎవరికమ్మా లెన్సు?"

"నాకే అంకుల్."

"నీకేనా! రా రా, లోపలికి రా. ఇంట్ల మజ్జిగున్నది."

మజ్జిగ తాగాక రెండు లెన్సులు బయటికొచ్చాయి. మొదటిదాన్ని ఆయన బీరువా తాళం తీసి, పట్టు గుడ్డ విప్పి, పసిపిల్లను అందించినట్టు రెండు చేతులా అందించాడు. పొడుగాటి జూమ్ లెన్సు. నిన్ననే కొన్నట్టు నిగనిగలాడుతోంది. రెండోది కిటికీ గూట్లో రేడియో పక్కన పడుంది. ఎనభై ఐదు ఎం.ఎం., జూమ్ లేనిది. నల్ల రంగు పోయి ఇత్తడి కనిపిస్తోంది, అంకెలు అరిగిపోయాయి, తిప్పే చోట రబ్బరు ఊడితే సైకిలు ట్యూబు ముక్క తొడిగాడు.

"గది నువ్వడిగినవని తీసిన గని, దాని మొకం సూడకు. ఇది సూడు, రాణి లెక్కుంటది. ఐదేండ్లాయె, ఒక్కనాడు బయటికి తియ్యలే. గాలి గూడ తగలనియ్యలే."

జ్యోత్స్న గడప దగ్గర చాప మీద కూర్చుంది. రాణిగారి రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి, ఏటవాలుగా పట్టుకొని ముందు నుంచి చూసింది. నేరుగా చూస్తే అంతా శుభ్రంగానే ఉంది. కొంచెం వంచగానే లోపలి అద్దం అంచున సన్నటి తెల్లటి దారాలు, మూలన సాలీడు గూడు కట్టినట్టు.

"అంకుల్, బూజు పట్టింది."

"పో! బూజెట్ల పడ్తది? తాళమేసి పెట్టిన."

"తాళమేసి పెట్టినందుకే అంకుల్. చీకటి, వానకాలం చెమ్మ."

ఏసుబాబు కళ్ళద్దాలు పెట్టుకొని చూశాడు, తీసి తుడుచుకొని మళ్ళీ చూశాడు. పాపం, మొహం చిన్నబోయింది. ఐదేళ్ళు తిండి తినిపించినట్టు కాపాడింది బూజునా అన్నట్టు కాసేపు బీరువా వైపే చూస్తూ కూర్చున్నాడు. జ్యోత్స్నకు కూడా బాధేసింది, కానీ బాధపడి కొనే రోజు కాదు అది.

రెండోదాన్ని తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకొని మెల్లగా ఊపింది, లోపల ఏదీ కదల్లేదు. టార్చి వేసింది. రెండు మూడు ధూళి చుక్కలు, ముందు అద్దం మీద వెంట్రుకంత గీత. అవి ఫొటోలో రావు. లోపలి రేకులు విచ్చుకొని మూసుకుంటున్నాయి, నూనె మరక లేదు. తిప్పితే ఇసుక నలిగిన చప్పుడు లేదు. కెమెరాకు బిగించి, గోడ మీది క్యాలెండరును లెన్సు పూర్తిగా తెరిచి తీసి, తెరమీద పెద్దది చేసి చూసింది. ఎడమ అంచున ఉన్న తేదీ, కుడి అంచున ఉన్న తేదీ రెండూ సూదిమొనల్లా ఉన్నాయి.

తర్వాత అసలు పరీక్ష. "అంకుల్, జర గడపల కూసోండ్రి. వీధి దిక్కు కొంచెం తిరగండ్రి."

ఏసుబాబు కూర్చున్నాడు. జీవితమంతా ఇతరులను అటు తిరగండి, ఇటు తిరగండి అన్న మనిషికి తనకు ఎటు తిరగాలో తెలియలేదు. ఎదురింటి తెల్ల గోడ మీద పడ్డ ఎండ మెత్తబడి వచ్చి ఆయన బుగ్గ మీద వాలింది. ఆమె తీసి చూపిస్తే కళ్ళద్దాలు సర్దుకొని దగ్గరికి తెచ్చుకొని చూశాడు.

"నా లెన్సే గదా ఇది," అన్నాడు చివరికి. "తీస్కపో బిడ్డా. ధర కాడ నీతోని కొట్లాడ."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. పైగా ట్యూబు ముక్క ఊడితే పనికొస్తుందని ఇంకో ముక్క కత్తిరించి ఇచ్చాడు.

*

లెన్సు దొరికింది సరే, లైటు సంగతేమిటి? బుధవారం పొద్దున జ్యోత్స్న సూర్యాపేటలో వినోద్ కొట్టు ముందు నిలబడింది. వినోద్ సెల్‌ఫోన్ స్టాండ్ల నుంచి షూటింగు లైట్ల దాకా అన్నీ అమ్ముతాడు, కొన్నవాళ్ళు విసుగెత్తి తిరిగిచ్చిన వాటిని మళ్ళీ అమ్ముతాడు. ఆమె పెళ్ళి అనగానే గుండ్రటి రింగు లైటు తెచ్చి వెలిగించాడు.

"గిది పెట్టు చాలు. ఎంత నల్లటోల్లనన్న తెల్లగ కొడ్తది. గ్యారంటీ."

"తెల్లగ కొట్టేది వద్దన్నా. ఉన్నది ఉన్నట్టు కొట్టేది గావాలె."

వినోద్ అయోమయంగా చూశాడు. ఆ గ్యారంటీ వద్దన్న మనిషి అతని కొట్టుకు ఇంతవరకు రాలేదు. జ్యోత్స్న చున్నీ భుజానికి ఎగదోసుకొని, మోచేతి దాకా చెయ్యి చాపింది. ఒక్కో లైటూ ఆ చేతి మీద వేయించింది. మొదటి దాని కింద చెయ్యి బూడిద పూసినట్టయింది. రెండో దాని కింద పచ్చబడింది, కామెర్లు వచ్చినట్టు. మూడోది షార్టు వీడియోలు తీసే ఎవరో తిరిగిచ్చిన పెద్ద ఎల్ఈడీ దీపం, ఒక పక్క సొట్ట. దాని కింద చెయ్యి చెయ్యిలాగానే ఉంది. అరచేతి ఎరుపు ఎరుపే, గోళ్ళ గులాబీ గులాబీయే.

కానీ మోచేతి ఎముక దగ్గర తెల్లటి చుక్క ఒకటి సూదిలా మెరిసింది. ఆ చుక్క ఆమెకు ఆరేళ్ళ చుట్టం. ఎన్ని వందల నుదుళ్ళ మీద దాన్ని తుడిచిందో లెక్కలేదు. చిన్న దీపం దగ్గర నుంచి సూటిగా కొడితే నల్లటి చర్మం మీద చుక్కే పడుతుంది. చుట్టూ ఉన్నదంతా చీకట్లోకి పోతుంది. అప్పుడు ఫొటోగ్రాఫరు నలుపును తిడతాడు. ఇతరుల తప్పులు తుడిచి తుడిచి, లైటు ఎక్కడ ఉండాల్సిందో ఆమె నేర్చేసుకుంది. ఎవరూ అడగలేదు కనుక చెప్పలేదు, అంతే.

సొట్ట దీపం కొంది. అక్కడి నుంచి బట్టల బజారుకు పోయి ఆరు గజాల పల్చటి తెల్ల మల్లు గుడ్డ కొంది. దర్జీతో రెండు పొరలుగా మడిచి, అంచులకు గొట్టాలు దూరేలా కుట్టించింది. సన్నటి ప్లాస్టిక్ పైపులు నాలుగు దూర్చి బిగిస్తే తలుపంత తెర తయారైంది.

మధ్యాహ్నం మార్కెట్ యార్డులో బస్తాలు మోసి ఇంటికొచ్చిన తండ్రి మత్తయ్యను కాళ్ళు కూడా కడుక్కోనివ్వలేదు. ముందు గది తలుపులు మూసి, ఆయనను స్టూలు మీద కూర్చోబెట్టి, పక్కగా తెర నిలబెట్టి, దాని వెనక దీపం వెలిగించింది.

"ఏందే ఇది, నాకేమన్న ఆపరేషన్ జేస్తున్నవా?"

"కదలకు నాయినా."

తెర మొత్తం మెత్తగా వెలిగింది. చుక్క లేదు. చెమట పట్టిన మత్తయ్య భుజం మీద, మెడ నరం మీద, చెంప ఎముక మీద వెలుగు పొడవుగా, నిదానంగా సాగి వంపు తిరిగి నీడలోకి దిగింది. జ్యోత్స్న తెరను కొంచెం ముందుకు జరిపింది, దీపాన్ని కొంచెం వెనక్కి లాగింది. ఇరవై సార్లు తీసింది. మత్తయ్యకు ఆకలేస్తోంది, అయినా కూర్చున్నాడు. మధ్యలో మీసం కూడా సర్దుకున్నాడు.

ఫొటో చూపిస్తే ఆయన ముందు నవ్వాడు. తర్వాత కెమెరా తెరను వేలితో తడిమి, "నా మొకం మీద గింత కష్టపడ్డోల్లు ఎవ్వరు లేరే," అన్నాడు. జ్యోత్స్న అన్నం వడ్డిస్తానని లోపలికి పోయింది.

*

గురువారం కోదాడ చర్చి పక్కన సండేస్కూలు గదిలో తెర నిలబెట్టి, దీపం బిగించి, లెన్సు తుడుచుకొని జ్యోత్స్న సిద్ధంగా ఉంది. తలుపు తెరుచుకుంది. తెల్లచీరలో సౌమ్య వచ్చింది.

జ్యోత్స్న మూడు రోజులుగా లెన్సు గురించి ఆలోచించింది, లైటు గురించి ఆలోచించింది. బ్యూటీషియన్ గురించి ఆలోచించలేదు. సౌమ్య మొహం మీద మూడు పొరల తెలుపు ఉంది. మెడకు కూడా ఉంది. చేతులకు మణికట్టు దాకా ఉంది. ఈసారి చెయ్యి కూడా తప్పించుకోలేదు.

"రెండు గంటలు పట్టిందండీ," అంది బ్యూటీషియన్ సుకన్య సంతృప్తిగా. కోదాడలో పేరున్న మనిషి, తన మొహం కూడా అదే పద్ధతిలో దిద్దుకొని వచ్చింది. "చూడండి ఎంత బాగా వచ్చిందో. పాపే అడిగింది, బాగా తెల్లగా చెయ్యమని."

సౌమ్య చూపు కిందికి దించుకుంది. "ఫొటోలల్ల చీకటి కొడ్తదన్నడు గదా అక్కా, సారు. అందుకే."

జ్యోత్స్న ఒకటి తీసి చూసుకుంది. పొడి వెలుగునంతా మింగేసింది. వంపు లేదు, మెరుపు లేదు, సున్నం వేసిన గోడ. ఇలాగే తీసి ఇస్తే ఎవరూ ఏమీ అనరు, జనార్దన్ అయితే మెచ్చుకుంటాడు కూడా. బాలమ్మకిచ్చిన మాటేమిటి? అయినా పెళ్ళిపిల్లతో నీ మొహం కడుక్కో అని ఎలా చెప్తారు? ఎవరి మొహం మీద ఎవరికి అధికారం? ఏం చెయ్యాలో తోచక, చేతులు ఊరుకోలేక, "పెద్దమ్మా, జర గీడ నిలబడు, లైటు సూస్కుంట," అని బాలమ్మను పిలిచింది.

బాలమ్మ వచ్చి తెర పక్కన నిలబడి కూతురి వైపు చూసింది. జ్యోత్స్న నొక్కింది.

కెమెరా తెరమీద బొమ్మ రాగానే ఒకసారి పెద్దది చేసి చూసుకుంది. కెమెరాను సౌమ్య చేతికిచ్చింది.

వాన పడి వెలిసిన నల్లరేగడి చేనులా ఉంది బాలమ్మ మొహం. చెంప ఎముక మీద వెలుగు, కంటి పక్క ముడతల్లో వెలుగు, పెదవి చివర ఇంకా మొదలవ్వని నవ్వు. కూతురిని అత్తగారింటికి పంపుతున్న తల్లి సంతోషం, దిగులు రెండూ అందులో కనబడుతున్నాయి.

"అమ్మా, నువ్వు గిట్లుంటవా?" అంది సౌమ్య.

"ఎట్లుంట మరి? రోజు సూస్తనే ఉన్నవు గదా."

"అందరు నేను నీ లెక్కనే ఉంటనంటరు."

"నా పిల్లవు, నా లెక్క గాకుంటే ఎవల లెక్కుంటవు?"

సౌమ్య ఇంకోసారి ఫొటో చూసింది. అద్దంలో తనను చూసుకుంది. కెమెరా తిరిగిచ్చేసి చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుంది.

"నల్లా ఎటున్నదే అమ్మా?"

"అయ్యయ్యో! రెండు గంటల పనండీ!" సుకన్య ఆమె వెంట నీళ్ళ నల్లా దాకా పరిగెత్తింది. చర్చిలో అయ్యగారు ఎందుకు ఆలస్యమని కబురు పంపారు. గాయకబృందం పాడిన పాటే నాలుగుసార్లు పాడింది, ఐదోసారికి చప్పట్లు కొట్టేవాళ్ళ చేతులు నొప్పి పుట్టాయి. బాలమ్మ తన కొంగుతో కూతురి కడిగిన మొహం, మెడ, చేతులు తుడిచింది. కాటుక, నుదుటి మీద బొట్టంత చెమ్కీ, పూలు మాత్రం ఉంచుకుంది సౌమ్య. సుకన్య ఒక మూల కుర్చీలో అటు తిరిగి కూర్చుంది.

చర్చి తలుపులు తెరుచుకున్నప్పుడు జ్యోత్స్న, తెరనూ దీపాన్నీ నడవ పక్కకు తెచ్చి నిలబెట్టి, బలిపీఠం దగ్గర ఉంది. తెల్లచీర, తెల్ల ముసుగు, వెనక తెల్ల తెరలు. ఇక్కడే ఫొటోగ్రాఫర్లందరూ బోర్లాపడతారు. కెమెరా తెలుపును చూసి, వెలుగు ఎక్కువైపోయిందని బెదిరి మొహాన్ని చీకట్లోకి తోస్తుంది. ఆమె కెమెరా మాట వినలేదు. సౌమ్య మొహానికి ఎంత కావాలో అంతే ఇచ్చింది. అప్పటిదాకా బిగుసుకుపోయి నిలబడ్డ పెళ్ళికొడుకు డేవిడ్ సౌమ్యను చూడగానే, బస్టాండులో తెలిసినవాళ్ళు కనబడ్డట్టు చెయ్యి ఎత్తి ఊపాడు. అతని మేనత్త ఆ చెయ్యి పట్టి దించింది. సౌమ్య పకపకా నవ్వింది. ఆ నవ్వు మొత్తం లెన్సులో పడింది.

ప్రమాణాలయ్యాక జ్యోత్స్న ఆ ఫొటోను ఫోనులోకి దించి, ఒక్కటంటే ఒక్కటి, జనార్దన్‌కు పంపింది. రెండు నిమిషాల్లో ఫోనొచ్చింది. వెనక మిర్యాలగూడ బ్యాండుమేళం.

"జ్యోత్స్నా, ఏం లైటు పెట్టినవ్?"

"గుడ్డ, సార్."

"ఏం గుడ్డ?"

"మల్లు గుడ్డ."

ఫోనులో బ్యాండు దూరమైంది, ఆయన పక్కకు నడిచినట్టున్నాడు. "నేను తప్పన్న," అన్నాడు జనార్దన్. ఇంకా ఏదో అనబోయి, "సరే, ఆ గుడ్డ రేపు పట్కరా. నాక్కూడ జర సూపియ్యి," అని పెట్టేశాడు.

భోజనాల దగ్గర ఈ మాట ఎలా పాకిందో ఏమో, బాలమ్మే చెప్పి ఉంటుంది, తెర మళ్ళీ నిలబెట్టిన సండేస్కూలు గది ముందు ఆడవాళ్ళ వరుస తయారైంది. నడిగూడెం నుంచి ట్రాక్టరులో వచ్చినవాళ్ళు, మునగాల అత్తలు, దవాఖాన నర్సులు. నన్ను తియ్యి బిడ్డా అంటే నన్ను తియ్యి అని. ఒక ముసలామె ఆధార్ కార్డు తీసి, "ఇది నేనట, నువ్వు సూడు, ఇది నేనేనా?" అని న్యాయం అడిగింది. జ్యోత్స్న నవ్వి నవ్వి కెమెరా కదిలిపోతుంటే గోడకు ఆనుకొని తీసింది. వాళ్ళు వచ్చి, కూర్చొని, తమను తాము చూసుకొని, ఒకరినొకరు తోసుకొని నవ్వుకుంటూ పోయారు. ఆరేళ్ళలో ఎదుటికొచ్చిన ఒక్క మొహాన్ని కూడా ఆమె దిద్దని మొదటి రోజు అది.

వరుస అయిపోయింది. దీపం ఆర్పబోతుంటే మూల కుర్చీ కిర్రుమంది.

"నాకూ ఒకటి తీస్తారా?" అంది సుకన్య, పెట్టె సర్దుకుంటున్నట్టు నటిస్తూ.

"కూసోండి అక్కా."

సుకన్య కూర్చుంది. జ్యోత్స్న లెన్సులోంచి చూసింది, కెమెరా దించింది, మళ్ళీ ఎత్తింది. "ఒక్క నిమిషం ఆగండి," అని సుకన్య లేచి నల్లా వైపు పోయింది.

నిమిషం కాదు, పది నిమిషాలు పట్టింది. తిరిగొచ్చినప్పుడు నుదుటి దగ్గర జుట్టు తడిగా అంటుకొని ఉంది, చీర చెంగు తడిసి ఉంది. ఎన్ని వందల మంది పెళ్ళికూతుళ్ళకు గడ్డం ఎత్తమని, కళ్ళు దించమని చెప్పిన మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. జ్యోత్స్న తెరను ఒక జానెడు దగ్గరికి జరిపింది. నొక్కింది. కెమెరా ఆమెకు అందించింది.

సుకన్య రెండు చేతులా పట్టుకొని చూసింది. చూస్తూనే ఉంది. బయట ట్రాక్టరు స్టార్టయి ఆగి, మళ్ళీ స్టార్టయింది. తర్వాత కెమెరా తిరిగిచ్చి, స్టూలు మీద సరిగ్గా కూర్చొని, తెర వైపు తిరిగింది.

"ఇంకోటి తీయండి," అంది. "ఈసారి నవ్వుతాను."